ఆఖరి భాగం వినేలోగా

స్కానింగ్ గది తలుపు మీద ఎర్రదీపం వెలగగానే లెక్కల టీచరమ్మ లేచి నిలబడింది.

"వెళ్ళిపోతున్నారా?" బల్ల మీద పక్కనే కూర్చున్న పెద్దమనిషి అడిగాడు.

"మీకెందుకండీ?"

అంది గానీ, ఆమె కాళ్ళు అప్పటికే మెట్లవైపు తిరిగి ఉన్నాయి.

పోయినసారి ఆ స్కానింగ్ యంత్రపు గొట్టంలోకి వెళ్ళీ వెళ్ళగానే ఊపిరాడక, ఆపమనడానికి చేతిలో పెట్టిన రబ్బరు బంతి నొక్కేసి బయటపడింది. తల్లో ఉన్నదేమిటో తేలాలంటే ఈసారి కదలకుండా పడుకోవలసిందేనన్నాడు డాక్టరు.

ఫోన్ మోగింది. అక్క.

"ఉన్నావా, పారిపోయావా?"

"ఉన్నాలే అక్కా."

"బడిలో పిల్లల్ని గడగడలాడిస్తావు. ఒక్క గొట్టానికి జడుస్తావేమిటే?"

గోడ వెనక యంత్రం దడదడా మొదలుపెట్టింది. ఆ చప్పుడు తన ఎముకల్లోంచే వస్తున్నట్టనిపించి కూలబడింది.

పెద్దమనిషి జేబులోంచి చిన్న ప్లేయరు, ఇయర్‌ఫోన్లు తీశాడు.

"ఇది వినండి. పాట విన్నట్టు కాదు, ఇల్లు లేస్తుంటే చూస్తున్నట్టు వినాలి."

కాదనే ఓపిక లేక చెవుల్లో పెట్టుకుంది.

ముందు ఒక హోరు. దాని కింద ఆగకుండా కొట్టుకునే దరువు. వెంటనే తీసెయ్యబోయింది.

"తొందరపడకండి. ఆ దరువు పునాది. ఇప్పుడు దానిమీదికి వయొలిన్లు ఎక్కుతాయి. నిజం వయొలిన్లు కావులెండి. వాద్యబృందమంతా ఒకే ఒక్క మనిషి కీబోర్డు మీటల్లోంచి పుట్టించాడు."

ఎక్కాయి. వాటి మధ్యనుంచి జోలపాటంత చిన్న వరస ఒకటి తలెత్తింది. అంతలోనే హోరు దాన్ని మింగేసింది.

"పోయిందే" అంది తనకు తెలియకుండానే.

"పోదు. దాక్కుంటుంది. ఈసారి అడుగునుంచి, బొంగురు గొంతుతో వస్తుంది చూడండి."

వచ్చింది.

"ఆ గదిలో చప్పుడూ ఇంతే. మారుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇయర్‌ఫోన్లు లోపలికి రానివ్వరు. ఆ వరస ఒక్కటీ మనసులో పెట్టుకుని వెళ్ళండి."

"చాలాసార్లు వెళ్ళినట్టున్నారే."

"ఇక్కడికి చాలాసార్లు వచ్చాను." ఆయన అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మీ తర్వాత నా వంతే. మీరు తిరిగొచ్చి, నన్ను పిలిచేదాకా ఇక్కడ కూర్చుంటారా?"

లోపలినుంచి ఆమెకు పిలుపొచ్చింది.

"అలాగేలెండి" అనేసి, ప్లేయరు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచి వెళ్ళింది.

గొట్టం ఆమెను తలనుంచి మింగింది. కప్పు ముక్కుకు ఆనుతున్నట్టుంది. దరువు మొదలైంది. వేళ్ళు బంతిని బిగించాయి.

పునాది, అనుకుంది. కళ్ళు మూసుకుని దానిమీద ఆ చిన్న వరసని నిలబెట్టింది. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టింది. భయం పోలేదు గానీ, ఎదురుచూడ్డానికి ఒకటి దొరికింది.

"అయిపోయిందండీ. కదల్లేదు, భలే పడుకున్నారు" అన్నాడు ఆపరేటరు.

బట్టలు మార్చుకునే గదిలో, లోపలికెళ్ళే ముందు తన బట్టలతోపాటు వదిలేసిన ప్లేయరు కనిపించింది. ఇంకా ఆఖరి భాగం మిగిలి ఉంది. ఇచ్చేస్తే మళ్ళీ దొరకదు. ఇది ఒక్కటీ వినేసి ఇచ్చేద్దాం అనుకుంది.

హోరు విడిపోయింది. దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చి ఆ చిన్న వరసని భుజాలమీదికి ఎత్తుకున్నాయి. టీచరమ్మ గోడకి చేరగిలబడి తనివితీరా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. స్కానింగ్ గది తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఆయనేరీ?"

"వెళ్ళిపోయారమ్మా" అన్నాడు ఆపరేటరు. "పిలవగానే లేచారు. మీకోసం అటూ ఇటూ చూశారు. ఇవాళ తోడున్నారు, వెళ్ళగలనని ఇందాక నాతో అన్నారు కూడా. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని డాక్టరుగారు చెప్పినా..."

"మరి ఆ చప్పుళ్ళన్నీ ఆయనకి..."

"వచ్చినప్పుడల్లా గోడకి చెవి ఆనించి వింటారు. లోపల మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదమ్మా."