కోసి చూసుకోవచ్చు

“బేరం తర్వాత బాబూ, ముందు కోసి చూడండి,” అన్నారు నాగరత్నం గారు.

వీరేంద్రకి అంత ఓపిక లేదు. తాడేపల్లిగూడెంలో పాత మిషన్లు కొని అమ్మే వ్యాపారం అతనిది. పొద్దున్నే ఫోన్‌లో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి కాలు నిలవడం లేదు. ముప్ఫై అయిదేళ్ళ నాటి జర్మనీ రంపం మిషను, నూట పది సీసీ పెట్రోలు ఇంజనుది. ఇప్పుడు అలాంటివి తయారే కావడం లేదు. ఫొటో కింద ‘పాత పెద్ద రంపం, కోసి చూసుకోవచ్చు’ అని ఒక్క ముక్క, పెదవేగి అడ్రసు. ధర లేదు.

అలాంటి దానికోసం కోయంబత్తూరులో ఒకాయన మూడేళ్ళుగా అతని ప్రాణం తోడేస్తున్నాడు. కలిదిండిలో ఒకటి దొరికినా గంట తేడాలో చేజారింది. ఈసారి కూడా తేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఆయన నిన్ననే తేల్చి చెప్పాడు.

“ఇంత మంచి మిషను ఖాళీగా ఎందుకుందండీ?”

“దీన్ని వాడే మనిషికి చెయ్యి విరిగిందండీ. నాకేమో తాడు లాగి స్టార్టు చేయడం కూడా రాదు. పొద్దుట్నుంచి ఇద్దరొచ్చి కోసి చూశారు. రెండింటికి దీనికోసం ఇంకొకాయన వస్తారు.”

వీరేంద్ర వాచీ చూసుకున్నాడు. పదకొండున్నర.

గాలివానకి కూలిన నిద్రగన్నేరు చెట్టు తోట దారికి అడ్డంగా పడి ఉంది. సగం అప్పటికే దుంగలైంది. అవతల పామాయిల్ గెలలతో ట్రాక్టరు ఆగి ఉంది. వీరేంద్ర చొక్కా చేతులు మడిచి తాడు లాగాడు. రెండో లాగుకే మిషను గర్జించింది. లావాటి మొద్దు వెన్నలా తెగింది. అతనికి పట్టరాని సంతోషమేసింది.

“చాలండీ, ధర చెప్పండి.”

“ఆ మొదలు దగ్గర ఇంకా లావండీ. అక్కడ ఆగిపోతే తర్వాత నన్నంటారు.”

కోశాడు.

“కణుపుల దగ్గర కూడా చూసుకోండి బాబూ.”

అదీ కోశాడు. కొనే వస్తువు కదా, ఆవిడ చెప్పిందీ నిజమే అనిపించింది. ఒంటిగంట దాటేసరికి ఒళ్ళంతా చెమట, రంపపు పొట్టు. దారి మీద చెట్టు అన్నదే లేదు. ట్రాక్టరు డ్రైవరు దుంగల్ని పక్కకి దొర్లించి, గెలల లోడుతో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

నాగరత్నం గారు చల్లటి మజ్జిగ ఇచ్చి, పాత గుడ్డతో రంపాన్ని శుభ్రంగా తుడవసాగారు.

“గీతలేమీ పడలేదు కదండీ?”

“లేదండీ. నలభై వేలు ఇస్తాను.”

“ఇది మీకు అమ్మలేను బాబూ.”

“యాభై.”

“ఎంతిచ్చినా నేను అమ్మగలిగింది కాదండీ. రెండింటికల్లా ఆయన చేతిలో పెడతానని మాటిచ్చాను.”

వీరేంద్రకి ఒళ్ళు మండిపోయింది. మాటే ఇచ్చినప్పుడు తనచేత ఇంతసేపు ఎందుకు కోయించినట్టు? పెద్దావిడని ఏమనగలడు. గ్లాసు అరుగు మీద పెట్టి బయటికొచ్చాడు. బైకు ఎక్కాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాడు. కలిదిండి సంగతి గుర్తొచ్చి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ వచ్చేవాడెవడో రానీ, వాడి దగ్గరే కొనేస్తే సరి అనుకుని గేటు దగ్గరే కాపు కాశాడు.

సరిగ్గా రెండింటికి ఆటో ఆగింది. చేతికి సిమెంటు కట్టుతో ఒకాయన దిగాడు. వీరేంద్ర పరుగున ఎదురెళ్ళాడు.

“ఏవండీ, ఆ రంపం మీరెంతకి కొన్నా సరే, దాని మీద పదివేలు ఎక్కువిస్తాను.”

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఈలోగా నాగరత్నం గారు ఒక చేత్తో రంపం మోసుకుంటూ, రెండో చేతిలో మడిచిన నోట్లతో గేటు దాకా వచ్చారు.

“శామ్యూల్ గారూ, ఇదిగోండి మీ రంపానికి పూట అద్దె.”