చల్లటి మాతే

నిల్దాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పొలం కొన్నవాడు మొదటిరోజే గుమ్మంలో నిలబడి, "సామాను సర్దుకోండి" అంటాడని.

ఆవుల మందా, గుర్రాలూ, మేత బీళ్ళూ, చివరికి పనివాళ్ళుగా తాము కాపురముంటున్న రెండు గదుల ఇల్లూ, అన్నీ కలిపి అమ్మకానికి పెట్టేసింది యజమానురాలు ఎతెల్వినా.

"వచ్చాడు చూడు ఇంకో బేరగాడు," అన్నాడు నిల్దా భర్త విల్మార్, గుర్రం మీది జీను దించుతూ. "టోపీ చూస్తే కొనేలాగే ఉన్నాడు."

"నీ నోటికి తాళం వెయ్యా! నువ్వు గుర్రాలు చూపించు, పో. మాతే నేను కలుపుతా."

"మళ్ళీ చల్లనీళ్ళేనా?"

"మళ్ళీ చల్లనీళ్ళే."

విల్మార్ తల పట్టుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషికి సొరబుర్రలో తేయాకులాంటి మాతే ఆకు నింపి, పొగలొచ్చే నీళ్ళు పోసి, పీల్చే గొట్టం పెట్టి చేతికివ్వడం ఆ దేశపు మర్యాద. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే మనసులో అంత ప్రేమ ఉన్నట్టు. అదే చల్లనీళ్ళు పోసి ఇచ్చారంటే, నోరు విప్పి చెప్పక్కర్లేదు, "ఇక దయచేయండి" అనే. పోయిన నెల వచ్చిన పశువుల వ్యాపారి ఒక్క గుక్క పీల్చి, మొహం మాడ్చుకుని జీపెక్కేశాడు. ఆ తర్వాత వచ్చిన అన్నదమ్ములైతే బుర్ర గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చిన బేరాలన్నీ ఎందుకు తప్పిపోతున్నాయో పాపం ఎతెల్వినాకే తెలియదు.

అక్కడ జనవరి అంటే నడివేసవి, ఎండ మాడ్చేస్తోంది. వచ్చినాయన పేరు రుఫీనో. అరవై దాటి ఉంటాయి. ఒక గుర్రం పళ్ళు చూశాడు. ఇంకోదాని గిట్ట ఎత్తి చూశాడు. మాట తక్కువ, ఆ ఉన్నదీ సాగదీసి సాగదీసి. నిల్దా చంకలో చంటిది బెలెన్‌ను వేసుకునే, బావి నీళ్ళు పోసిన మాతే తెచ్చి అందించింది.

ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఆగాడు. బుర్రకేసి చూశాడు. నిల్దాకేసి చూశాడు.

ఆయన చడీచప్పుడు లేకుండా అంతా తాగేసి, ఖాళీ బుర్ర మళ్ళీ చాపాడు. చాలనుకున్నవాళ్ళెవరైనా బుర్ర తిరిగిస్తూ థాంక్స్ చెబుతారు. ఆయన చెప్పలేదు. నీళ్ళ కూజా ఖాళీ అయ్యేదాకా చాపుతూనే ఉన్నాడు.

"ఏం తోలు మందమయ్యా ఆ మనిషికి!" అంది నిల్దా, ఆయన వెళ్ళాక.

"దాహమేసిందేమోనే."

"దాహమేస్తే నీళ్ళడుగుతారు గానీ, అవమానాన్ని అన్ని గుక్కలు తాగుతారా ఎవరైనా?"

ఆదివారం ఆయన మళ్ళీ దిగాడు. ఈసారి నిల్దా కూజాలో ఐసు ముక్కలు వేసింది. గలగలమన్న చప్పుడుకు విల్మార్ పరుగెత్తుకొచ్చాడు.

"ఐసు కూడానా! నా పరువేం కావాలే?"

"పరువు నెత్తిన పెట్టుకుని రోడ్డున పడదామా? పిల్లను ఎక్కడ పడుకోబెడతావు, నీ జీను మీదా?"

రుఫీనో ఆ మాతే పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. పళ్ళు జివ్వుమన్నట్టున్నాయి, ఇక రాడులే అని నిల్దా లోలోపల పండగ చేసుకుంది.

ఆయన మాత్రం జీపు వైపు కాదు, తిన్నగా ఎతెల్వినా ఇంట్లోకి నడిచాడు. కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"ఆ మాతే ఇచ్చిన అమ్మాయి ఎవరమ్మా?"

నిల్దా కూజా ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

వారం తిరక్కుండా పొలం ఆయనదైపోయింది. ఎతెల్వినా పెట్టెలు సర్దుకుని, సముద్రం ఒడ్డున ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది. రుఫీనో మొగుడూ పెళ్ళాలను గుర్రాలదొడ్డి దగ్గరికి రమ్మన్నాడు.

"సామాను సర్దేసుకుంటున్నామయ్యా," అంది నిల్దా, ఆయన నోటి వెంట ఆ మాట వినలేక తనే ముందుగా.

"ఎందుకూ?" అన్నాడాయన. "నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదమ్మాయ్. అలాంటి మాతే కలిపిన చేతిని వదులుకుంటానా? మీ ఆయనా, పాపా, అందరూ ఇక్కడే. నేను ఊరెళ్ళి మా ఆవిణ్ణి తీసుకొస్తా. ఆవిడ బండి దిగగానే నాకిచ్చినట్టే ఇవ్వాలి. ఐసు మరిచిపోయేవు!"

గట్టిగా నవ్వి వెళ్ళిపోయాడు. విల్మార్ టోపీ గాల్లోకి ఎగరేశాడు.

"ఏడిశావులే!" అంది నిల్దా. "దెప్పుతున్నాడయ్యా, దెప్పుతున్నాడు! 'మనల్ని పొమ్మన్న మనిషి ఇదిగో' అని పెళ్ళానికి చూపించి, ఆవిడ చేతే గెంటిస్తాడు."

"ఆయన మొహంలో అంత కుట్ర లేదే."

"అసలు ఏ ఊరాయన?"

"ఏమో! గుర్రాల సంగతి తప్ప ఇంకేం మాట్లాడితే కదా!"

ఆ రోజు నుంచి నిల్దాకు తిండి సయించడం లేదు. ఫ్రిజ్‌లో ఐసు పెడుతుంది, తీసి పారబోస్తుంది. చల్లగా ఇస్తే కొత్త యజమానురాలిని మొదటిరోజే అవమానించినట్టు. వేడిగా ఇస్తే ఆయన మాట కాదన్నట్టు. చివరికి, ఏదైతే అదైందని, ఆవిడకు పొగలొచ్చే మాతేనే ఇవ్వాలని పొయ్యి మీదికి కెటిల్ తోమి పెట్టింది. వాళ్ళు వచ్చేది ఈ ఆదివారమే.

మీలో ఎవరైనా ఈలోగా అటు వెళ్తే నిల్దాను ఒకసారి చూసిరండి. రుఫీనో పుట్టిన పరాగ్వేలో అయినవాళ్ళకిచ్చేది చల్లటి మాతేనని చెప్పండి.