గుప్పెడు సామలు

"బుధూ, బయటికి రారా! నీ తప్పేం లేదు!" అనంతగిరి గూడెంలో జీపు దిగుతూనే సన్యాసిరాజు కేకేశాడు.

బుధు భార్య సొంబరి గుమ్మంలోకి వచ్చింది.

కొత్త పంట తినేముందు తొలి గుప్పెడు దేవతకి పెట్టడం వాళ్ళ ఆచారం. భీమిలి దగ్గర సన్యాసిరాజు రొయ్యల చెరువుకి కాపలా ఉన్న బుధు, రొయ్యలు బాగుండాలని మొక్కి, ఆ గుప్పెడు సామలు చెరువులో చల్లాడు. ఆ వారంలోనే రొయ్యలు చచ్చి తేలాయి. నువ్వే చంపావంటూ రాజు అతన్ని తరిమేశాడు.

"చచ్చిన రొయ్యల్ని వైజాగ్ ల్యాబుకి పంపాను సొంబరీ. అక్కడి పీసీఆర్ మిషను ఒక్క పూటలో చెప్పేసింది. అది బ్యాక్టీరియా జబ్బట. నేను కొన్న రొయ్యపిల్లలతోనే వచ్చిందట. సామలకీ దానికీ సంబంధం లేదు. వాణ్ణి పిలు, కొత్త చెరువుకి నమ్మకమైన మనిషి కావాలి."

"సచ్చిపోనాడు బాబూ. ఇంటికొచ్చిన నెలకి జొరమొస్తే ఆస్పత్రికి రమ్మని కాళ్ళట్టుకున్నాను. అన్ని జీవాల్ని సంపీసినాను, ఆటి ఉసురే ఇది, మందెందుకే అన్నాడు."

రాజు జీపుకి చేరబడిపోయాడు.

"మిషను ఎప్పుడు సెప్పింది బాబూ?"

"వాడు వెళ్ళిన మర్నాడే. వచ్చి చెబుదామనే అనుకున్నాను... తీరిక దొరకలేదు."

బడి నుంచి వస్తున్న కూతురు మలుపులో కనబడగానే సొంబరి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయ్య తప్పేటీ నేదని మా గుంటకి సెప్పు బాబూ. ఎప్పుడు తెలిసిందో మాత్రం సెప్పకు."