ఒకే గాలి, ఒకే అంకె

"ముందు మీరు ఎక్కించండి. ఆ తర్వాతే మావాడు స్క్రీన్ తెరుస్తాడు. చూసి రాశారని రేపు ఎవరూ అనకూడదు" అన్నాడు మేనేజరు.

గాలక్క తల ఊపింది. కాంక్రీటు పలకలు పోసే ఆ కంపెనీలో ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. గంటకోసారి డాబా ఎక్కి, చేతి మీటరు పైకెత్తి, గాలి వేగం చూసి, ఆ అంకెను ఫోన్‌లోంచి, ఎవరైనా చూడగలిగే కంపెనీ వెబ్‌సైట్ పేజీలోకి ఎక్కించడం ఆమె పని. గాలి గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటితే యార్డులో క్రేన్ ఆగాలి. ఇవాళ ఆమెకూ, కంప్యూటర్‌ని సమాచారం అడిగే ఒక క్వెరీకీ పోటీ పెట్టారు. ఓడితే ఉద్యోగం ఊడుతుంది. ఆమె ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

క్వెరీ రాసినవాడు మేనేజరు మేనల్లుడు.

"చాలా సింపుల్ మావయ్యా. ఇంటర్నెట్‌లో ఒక వాతావరణ సర్వీసు ఉంది. దాని సమాచారమంతా మన డేటాబేస్‌లో మన సొంత టేబుల్ లాగే కనపడేట్టు చేశాను. ఒక్క లైన్ క్వెరీతో అడిగితే చాలు, మన ఏరియాలో గాలి ఎంతో నేరుగా మన సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడుతుంది."

"ఆఫీసులో మావయ్యా అనొద్దన్నానా?"

"సారీ మావయ్యా."

గాలక్క మూడంతస్తులు ఎక్కి దిగి వచ్చింది. "పన్నెండు పాయింట్ నాలుగు. ఎక్కించేశాను."

మేనల్లుడు మీట నొక్కాడు. స్క్రీన్ మీద పన్నెండు పాయింట్ నాలుగు. సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు.

"ఒక్కసారికే తీర్పు చెప్పడం న్యాయం కాదు" అని మేనేజరు ఆమెను మళ్ళీ పైకి పంపాడు. ఈసారి పద్నాలుగు పాయింట్ ఒకటి. స్క్రీన్ మీదా అంతే. మూడోసారి, పదీ ఇరవైకి, ఆమె మోకాళ్ళు పట్టుకుని దిగింది. పన్నెండు పాయింట్ ఎనిమిది. స్క్రీనూ అదే మాట అంది.

"పాయింట్ తర్వాత అంకె కూడా తేడా లేకుండా ఎలా వస్తుందండీ?" స్టోర్‌కీపర్ అడిగాడు.

"ఉన్నది ఒకే గాలి కదయ్యా. ఒకే గాలికి ఒకే అంకె" అన్నాడు మేనేజరు. అందరికీ సబబుగానే తోచింది. ఆ ఆఫీసులో మేనేజరు ఏమన్నా సబబుగానే తోస్తుంది.

గాలక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తొమ్మిదేళ్ళలో ఒక్క అంకె కూడా తప్పు ఎక్కించలేదు సార్."

"అదేనమ్మా నేను చెప్పేదీ. మీ అంకెలు కరెక్టేనని సిస్టమ్ కూడా ఒప్పుకుంది. అందుకే ఇక మీ అవసరం లేదు."

ఆమె మేనేజరు ముందుకు జరిపిన తొలగింపు కాగితం మీద సంతకం పెట్టి, మీటరు బల్ల మీద ఉంచి, లంచ్ బాక్స్ తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆమె మొహం వంక చూడలేదు.

అరగంట అయిందో లేదో, కిటికీ తలుపులు టపటపా కొట్టుకోసాగాయి. యార్డులో సిమెంటు దుమ్ము లేచింది. క్రేన్ ఆపరేటర్ కిందికి దిగి లోపలికి వచ్చాడు.

"ఖాళీ కొక్కేమే ఊగిపోతోంది సార్. నేను పలక ఎత్తను. కింద మనుషులున్నారు."

"సిస్టమ్‌లో పన్నెండు పాయింట్ ఎనిమిదే ఉందయ్యా."

"అయితే ఆ సిస్టమ్‌ని వచ్చి పలక కింద నిలబడమనండి."

"నీకు గాలి ఎక్కువున్నట్టు అనిపిస్తోంది. అనిపించడం వేరు, డేటా వేరు." ఎగిరిపోతున్న గాలక్క కాగితాన్ని మేనేజరు గాల్లోనే అందుకుని, దాని మీద ఆమె మీటరు బరువు పెట్టాడు. "లారీ గేటు దగ్గర ఎదురుచూస్తోంది. నువ్వు ఎత్తకపోతే ఎత్తేవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఆపరేటర్ బల్ల మీదున్న తెల్ల కాగితం ఒకటి ఆయన ముందు పెట్టాడు. "సరే సార్. గాలి లేదని రాసి సంతకం పెట్టివ్వండి. ఎత్తుతాను."

మేనేజరు పెన్ను తీసి, మూత తీసి, మళ్ళీ మూత పెట్టాడు. "ఒరే, ఇంకోసారి నొక్కు."

పన్నెండు పాయింట్ ఎనిమిది. మళ్ళీ నొక్కాడు. అదే అంకె. బయట ఎక్కడో రేకు ఒకటి ఊడి దొర్లిన చప్పుడైంది.

"ఏమిట్రా ఇది? గాలి కదలడం లేదా?"

మేనల్లుడు తల గోక్కున్నాడు. "క్వెరీ త్వరగా రావాలని వేగం ఒక్కటే అడిగాను మావయ్యా. ఏ టైముది, ఎక్కడిది అని ఇంకో రెండు కాలమ్స్ ఉన్నాయి. అనవసరమని వదిలేశాను. అడగనా?"

"అడుగు." ఈసారి మావయ్య పిలుపును ఆయన పట్టించుకోలేదు.

స్క్రీన్ మీద అంకె పక్కన కొత్త వివరాలు వచ్చాయి. మేనల్లుడు గట్టిగానే చదవడం మొదలుపెట్టాడు కానీ, పోనుపోను గొంతు దిగిపోయింది.

"టైము, పదీ ఇరవై. ఈ ఏరియా మొత్తానికి గాలి కొలిచే కేంద్రం ఒక్కటే. మూలం... మన కంపెనీ వెబ్‌సైట్ మావయ్యా. డాబా మీద చేతి మీటరుతో తీసిన అంకె."