తడి రాయి రుచి

మూడు రోజులుగా మడతలాయన రాళ్ళు నాకుతున్నాడు.

పెరట్లో గులకరాళ్ళు ఏరుకొచ్చి, శుభ్రంగా కడిగి, కళ్ళు మూసుకుని మరీ నాకుతున్నాడు. భార్య చూసి చూసి అడిగేసింది.

“ఏమండీ, నేను అన్నం పెట్టట్లేదా మీకు?”

“నీకు తెలీదు, ఊరుకో. ఓ వైట్ వైన్‌లో తడి రాయి రుచి ఉంటుందని పుస్తకంలో రాశారు. అసలు తడి రాయి ఎలా ఉంటుందో తెలియాలా వద్దా?”

“ఆ వైనే ఓ గుక్క తాగి చూడొచ్చుగా?”

“సీసా ఖరీదు తెలుసా నీకు? రాళ్ళయితే ఊరికే వస్తాయి.”

“అల్లుడిగారిని మంచి డాక్టరెవరికైనా చూపించవే అమ్మాయ్” అంది అత్తగారు వంటింట్లోంచి గొంతు తగ్గించి. అందరికీ వినపడింది.

హోటల్లో ఇరవై ఏళ్ళుగా న్యాప్‌కిన్లు మడతపెట్టి మడతలాయన అన్న పేరు సంపాదించుకున్నాడు. హంస అంటే హంస, విసనకర్ర అంటే విసనకర్ర. వైన్ సంగతికొస్తే, ఎర్రదైతే మరక పోదు, తెల్లదైతే పోతుంది. అతనికి తెలిసింది అంతే.

అలాంటివాడికి వైన్ విభాగంలో పెద్ద కుర్చీ యోగం పట్టింది. మేనేజర్ పిలిచి ఒకటే మాట చెప్పాడు.

“శుక్రవారం పొద్దున ఇంటర్వ్యూ. పరువు నిలబెట్టు. తేడా వచ్చిందా, సోమవారం నుంచి మళ్ళీ న్యాప్‌కిన్లే.”

కుర్చీ సంగతి భార్య అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసింది. మళ్ళీ న్యాప్‌కిన్లంటే ఇక తలెత్తుకు తిరగలేడు.

శుక్రవారం రానే వచ్చింది. చిన్న గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఐస్ బకెట్, రెండు గ్లాసులు, ఆ వైట్ వైన్ సీసా. బల్ల మీద ఏ సీసా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి మడతలాయన ఆ ఒక్క అధ్యాయమే బట్టీ పట్టాడు.

ఎదురుగా నల్లకోటు వేసుకున్న అమ్మాయి. మొహంలో నవ్వు లేదు. కూర్చోనైనా కూర్చోలేదు. వైన్ చదువుల్లో మూడు పతకాలు తెచ్చుకుందని అతనికి తెలుసు. ఒక్క మాట తప్పినా ఇట్టే పట్టేస్తుంది. ఆ తర్వాత హోటలంతా నవ్వుతుంది.

“మొదలుపెడదామా అండీ?”

“ఊ” అన్నాడు.

ఆమె సీసా ఎత్తి, లేబుల్ అతని వైపు తిప్పి, గ్లాసులో గుక్కెడు పోసింది. సీసా మూతి గ్లాసుకి టక్కుమని తగిలింది. కోపం కాబోలు అనుకుని మరీ బెదిరిపోయాడు.

పుస్తకంలో చెప్పినట్టే గ్లాసు గుండ్రంగా తిప్పాడు. కాస్త గట్టిగా తిప్పాడేమో, సగం టై మీద పడింది. మిగిలింది తాగాడు.

“ఎలా ఉందండీ?”

అంతే, గట్టు తెగింది.

“చురుగ్గా ఉంది. నిమ్మ, పచ్చి యాపిల్, చివర్లో తడి రాయి. ఏటి రాయి కాదు, పెరటి రాయి! చలి కొండల్లో పండిన ద్రాక్ష ఇది. సుద్దరాళ్ళ నేల. పొద్దున్న పొగమంచు, మధ్యాహ్నం ఎండ. అందుకే పులుపు చెక్కుచెదరలేదు.”

ఆమె ఏదో అనబోయింది. తప్పు పట్టబోతోందని అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

“దీంతో పాటు తినడానికి...”

“చేప!” అని అందుకున్నాడు. “వేయించినా సరే, ఆవిరికి ఉడికించినా సరే. రొయ్యలు, ఆల్చిప్పలు, మేకపాల చీజ్. మసాలా దట్టించిన మాంసం మాత్రం వద్దే వద్దు. చల్లగా ఇవ్వాలి, మరీ గడ్డకట్టేంత కాదు. గ్లాసు కాడ పట్టుకోవాలి. పక్కన న్యాప్‌కిన్ హంసలా ఉంటే శ్రేష్ఠం!”

చివరి ముక్క పుస్తకంలో లేదు. నోరు జారింది.

ఆమె సీసాని రెండు చేతులా గుండెకి హత్తుకుని, పెదాలు బిగించి, కళ్ళార్పకుండా చూస్తోంది.

“ఏమైనా తప్పు చెప్పానా?” అన్నాడు కాలరు వదులు చేసుకుంటూ.

“లేదండీ. ఒక్కటి కూడా లేదు.”

మడతలాయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక కుర్చీకి ఢోకా లేదు!

“అన్నీ మీరే చెప్పేశారు కదా సార్, మరి నన్ను ఇంటర్వ్యూ చేసేదెప్పుడు?” అంది ఆమె బిక్కమొహం వేసుకుని.