రెండు నిమిషాల వైద్యం

సంతోషమ్మ తలను పక్కకు తిప్పి పట్టుకుని, ఫిజియోథెరపిస్టు మోనిక ఆమెను గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టింది. గది గిర్రున తిరిగింది.

"భయపడొద్దమ్మా. చెవిలోపలి సన్నరాళ్లు జారి తల తిరగతాంది, వాటిని వాటి చోటికి పంపితే సరి, అంతే," అంటూ మోనిక తలను మెల్లగా రెండో పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టింది.

తిరుగుడు ఆగిపోయింది.

"నా పెండ్లామూ ఇట్నే చెప్పేది, పైకి చూస్తే తల తిరగతాదని," అన్నాడు కొడుకు దయానంద్.

"పిల్చుకోని రాండి. రెండు నిమిషాల్లో నయమైపోతాది."

"యాడ్నించి పిల్చుకొచ్చేది మేడం? నాటకాలాడతాండావని మాయమ్మే దాన్ని మామిడికాయలు కొయ్యను నిచ్చెన ఎక్కించింది. పడి చచ్చిపోయింది."

రెండు నిమిషాలు! సంతోషమ్మ కొడుకు ముఖంలోకి చూడలేకపోయింది. "తెలీకపాయె నాయనా," అంది.

దయానంద్ మోనిక వైపు తిరిగాడు.

"మాయమ్మకు మళ్లీ తల తిరగాల మేడం. ఆ రాళ్లను జారినకాడికే తోసేయండి."