ముందు నిజం చెప్పు

"చెయ్యి వదలకు బావా."

చర్చి గంట గోపురం అంచున బోర్లా పడుకుని, గాలిలో వేలాడుతున్న పెయింటరు బావమరిది మణికట్టును పట్టుకున్నాడు పాస్టరు. పెయింటరు నిలబడ్డ పరంజా బల్ల అప్పటికే విరిగి కింద పడింది.

"ముందు నిజం చెప్పరా. పోయిన వారం పరంజా తాడు విప్పిందెవరు? దాని మీంచి పడి నా తమ్ముడి నడుం విరిగింది. పరంజా కట్టిన ముసలాయన లాకప్పులో ఉన్నాడు. నీకు తెలుసు."

"పైకి లాగు, చెప్తాను."

"ఒప్పుకుంటేనే రక్షణ. ప్రతి ఆదివారం వింటున్నావుగా."

"వింటున్నాను, నిద్ర పట్టని ఆదివారాల్లో." అన్నాడు పెయింటరు. "ఇప్పుడు నువ్వు ఏ పేరు చెప్పమంటే ఆ పేరు చెప్తాను బావా. అది నా మాటవుతుందా, భయం మాటవుతుందా?"

పాస్టరు కిందికి చూశాడు. రంగంటిన ఆ వేళ్లు ఎప్పుడో తన చేతిని వదిలేశాయి. వాటిలో ఇక సత్తువ లేదు. పట్టుకుని ఉన్నది తానొక్కడే. అలాంటి మనిషినా తాను ముందు ఒప్పుకోమంటున్నది?

పళ్లు బిగబట్టి లాగాడు. ఇద్దరూ గంట కింద వెల్లకిలా పడ్డారు.

పాస్టరు మళ్లీ అడగలేదు. పెయింటరు లేచి మెట్ల దాకా వెళ్లాడు. దిగిపోతే ఆపేవాళ్లు లేరు. అయినా వెనక్కి వచ్చి, అంచు మీదుగా వంగి, కింద గుమిగూడిన జనానికి వినపడేలా అన్నాడు.

"ముసలాయన్ని వదిలెయ్యమనండి. నా రంగు బకెట్టుకి తాడు చాలక, పరంజా తాడు విప్పుకున్నది నేనే."